కొబ్బరితోట వీధికి కాల్‌బ్యాక్

గౌరీపురం పట్టణ నీటి సరఫరా సంస్థ కమిషనర్ విరూపాక్షరావు గారికి ఏదైనా కొత్త విషయం అర్థం కానంతకాలం ఊరికి ఏ ప్రమాదమూ ఉండేది కాదు. అర్థమైతేనే చిక్కు. కిందటిసారి ఆయనకి పారదర్శకత అంటే ఏమిటో అర్థమైంది. వెంటనే ఆఫీసులో గదుల మధ్య గోడలు కొట్టించి అద్దాలు బిగించారు. ఉద్యోగులు కొన్నాళ్లు సిగ్గుపడ్డారు. ఆ తర్వాత అద్దాలకి దేవుళ్ల క్యాలెండర్లు అంటించుకుని, వాటి చాటున హాయిగా కునుకు తీయడం మొదలుపెట్టారు. ఈ సంగతి కమిషనర్ గారికి తెలియదు. ఆయన గదికి మాత్రం గోడలే ఉన్నాయి.

ఈసారి ఆయనకి కాల్‌బ్యాక్ అర్థమైంది. అర్థమయ్యేలా చెప్పిన పాపం ఝాన్సీది.

ఝాన్సీ ఆ సంస్థలో కాంట్రాక్టు మీద పనిచేసే ప్రోగ్రామరు. పేరుకి ఝాన్సీయే గానీ, ఎవరైనా కాలు తొక్కితే తనే ముందు సారీ చెప్పే రకం. ఊళ్లోని కుళాయిల లెక్కలన్నీ చూసే ప్రోగ్రాము ఆమె పైథాన్‌లో రాసిందే. దానికి రంగులూ బొమ్మలూ లేవు. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు వస్తాయి. ఒకటి నొక్కితే కొత్త కుళాయి, రెండు నొక్కితే బిల్లు, మూడు నొక్కితే ఫిర్యాదు, సున్నా నొక్కితే సెలవు. మౌసు చేతికిస్తే చెమటలు పట్టే గుమాస్తాలకి కూడా ఆ నల్ల తెర అంటే ప్రాణం.

ఒక సోమవారం పొద్దున్న ఆ ప్రోగ్రాము లేవనని మొరాయించింది. తెరవగానే ఇంగ్లిషులో గబగబా నాలుగు వరుసలు గొణిగి ఆగిపోతోంది. కౌంటరు దగ్గర జనం గోల పెడుతున్నారు. కమిషనర్ గారే స్వయంగా వచ్చి ఝాన్సీ కుర్చీ వెనక నిలబడ్డారు.

"ఏమి ఈ అంతరాయము?" అన్నారు. విరూపాక్షరావు గారు ఆదేశాలు రాసి రాసి, మాట్లాడినా ఆదేశంలాగే మాట్లాడేవారు. ఇంట్లో ఉప్పు కావలసి వచ్చినా 'ఉప్పు సరఫరా చేయవలెను' అంటారని ఆఫీసులో చెప్పుకునేవారు.

ఝాన్సీ లేచి నిలబడబోయి, కుర్చీ ఆయన కాలికి తగిలితే సారీ చెప్పి, మళ్లీ కూర్చుంది. "సార్, ప్రోగ్రామంతా ఒకే ఫైల్లో ఉంటే గజిబిజిగా ఉంటుందని ముక్కలు చేశాను. ఒక్కో ముక్కని మాడ్యూల్ అంటారు. కుళాయిలది ఒకటి, బిల్లులది ఒకటి. కుళాయి వేశాక బిల్లు మొదలవ్వాలి కదా, అందుకని కుళాయిల మాడ్యూల్ మొదటి లైనులోనే 'బిల్లుల మాడ్యూల్ లేస్తే గానీ నేను లేవను' అంటుంది. మొన్న నేను బిల్లుల్లో ఒక లైను కలిపాను. దాంతో అది కూడా 'కుళాయిలు లేస్తే గానీ నేను లేవను' అంటోంది."

"అనగా పరస్పర నిరీక్షణ!"

"అంతే సార్. రెండూ ఇంకా మంచాలు దిగలేదు."

"దీనికి నివారణోపాయము?"

"కుళాయిలకి అసలు బిల్లుల ఊసే తెలియనక్కర్లేదు సార్. బిల్లు వేసే ఫంక్షన్‌ని, అంటే ఆ పనిచేసే ముక్కని, దాని చేతికి ఇచ్చేస్తాను. 'నీ పనయ్యాక దీన్ని పిలు' అంటాను. అది ఎవరిదో, ఎక్కణ్ణించి వచ్చిందో కుళాయిల మాడ్యూల్ అడగదు. పిలుస్తుంది, అంతే. నన్ను పిలిచిందెవరని ఆ ఫంక్షనూ అడగదు. పిలిస్తే పని చేస్తుంది, అంతే. దీన్నే కాల్‌బ్యాక్ అంటారు. జాకెట్టు కుట్టడానికిచ్చి, రోజూ టైలరు కొట్టు ముందు నిలబడి అయిందా అయిందా అని అడగం కదా సార్. అయ్యాక పిలవమని నంబరిచ్చి ఇంటికొచ్చేస్తాం."

విరూపాక్షరావు గారి కళ్లు మెరిశాయి. ఆ మెరుపు చూసి పక్క బల్ల గుమాస్తా గుండె జారిపోయింది. అద్దాలు బిగించేముందు కూడా అవే కళ్లు అలాగే మెరిశాయి.

"అడగము," అన్నారాయన నెమ్మదిగా. "అడగనే అడగము."

"అయితే సార్, అసలు సంగతి ఒకటుంది. ఎవరి చేతికి ఏది ఇవ్వాలో చూసి, మొదటి పిలుపు పిలవడానికి పైన మెయిన్ అని ఒకటి ఉండాలి. అది లేకపోతే..." అంటూ ఝాన్సీ వెనక్కి తిరిగింది. వెనక ఎవరూ లేరు. ఆయన అప్పటికే వరండాలో పరుగులాంటి నడకతో గదికి వెళ్లిపోతున్నారు.

ఝాన్సీ నిట్టూర్చి, కుళాయిల మాడ్యూల్ మొదటి లైను చెరిపేసి, మెయిన్‌లో రెండు లైన్లు మార్చింది. ఇలా ఇచ్చేటప్పుడు ఫంక్షను పేరొక్కటే రాయాలి. పేరు పక్కన రెండు బ్రాకెట్లు పెడితే అక్కడికక్కడే పిలిచేసినట్టు. ఇవ్వడానికీ పిలవడానికీ ఉన్న తేడా అంతా ఆ రెండు బ్రాకెట్లదే. కొత్తగా నేర్చుకునేవాళ్లు అందరూ అక్కడే బోల్తా పడతారు. ఝాన్సీ పడలేదు. ప్రోగ్రాము లేచి కూర్చుంది. కౌంటరు దగ్గర గోల సద్దుమణిగింది.

అసలు గోల మధ్యాహ్నం ఆదేశం రూపంలో వచ్చింది.

"ఈ సంస్థ యందలి సర్వ విభాగములును నేటి నుండి మాడ్యూళ్లుగా పరిగణింపబడును. ఒక మాడ్యూలు మరియొక మాడ్యూలును ప్రత్యక్షముగా పిలుచుట, అడుగుట, వాకబు చేయుట, తలుపు వద్ద నిలబడి దగ్గుట పూర్తిగా నిషేధము. ప్రతి మాడ్యూలును తన కాల్‌బ్యాకును సంబంధిత మాడ్యూలు వద్ద జమచేసి, స్వస్థానమునకు మరలి, పిలుపు వచ్చువరకు నిరీక్షింపవలెను. పిలుపు వచ్చిన తక్షణమే పని చేయవలెను. పిలిచినది ఎవరని అడుగరాదు."

కాల్‌బ్యాకు కంటికి కనబడాలి కదా, అందుకని నీలం రంగు ప్లాస్టిక్ బిళ్లలు చేయించారు. ఒక్కో బిళ్ల మీద ఒక్కో విభాగం పేరు. ప్రతి విభాగం గోడకీ కొక్కేలు కొట్టారు. నీకు ఎవరి వల్ల పని కావాలో వాళ్ల కొక్కేనికి నీ బిళ్ల తగిలించి, వచ్చి నీ కుర్చీలో కూర్చోవాలి. వాళ్ల పనయ్యాక బిళ్ల చూసి నిన్ను పిలుస్తారు.

అబద్ధం ఎందుకు చెప్పాలి, మొదట్లో అందరికీ నచ్చింది. అంతవరకూ పని చేయనివాడు ఎవరైనా వచ్చి అడుగుతాడేమోనని కొంచెం జంకుతూ కూర్చునేవాడు. ఇప్పుడు అడగడమే నేరం కాబట్టి నిశ్చింతగా కూర్చున్నాడు. ఆఫీసులో చీమ చిటుక్కుమన్నా వినిపించేది. క్యాంటీన్‌లో టీ అడిగితే "మీ బిళ్ల ఎట్టెల్లండమ్మా, టీ మరిగినాక పిలుత్తాం" అనేవాడు క్యాంటీన్ నడిపే మనిషి. పాలవాడు పిలిచాక గానీ ఆయన పొయ్యి వెలిగించేవాడు కాదు. పాలవాడి కొక్కేనికి ఈయన బిళ్ల ఉంది. పాలవాడికి మాత్రం కొక్కెమంటే ఏమిటో తెలియదు.

ఫిర్యాదుల కౌంటరు దగ్గర ఒక ముసలాయన గట్టిగా అరిచాడు. "మా కులాయిలో నీల్లు రావట్నేదు బాబూ!"

"మీ ఫోన్ నంబరిచ్చి వెల్లండి. నీల్లొచ్చాక మేమే పిలుస్తాం," అన్నాడు గుమాస్తా.

"నీల్లొత్తే నాకు తెల్దేటి?"

"తెలిసినా సరే, పిలుస్తాం."

నెలాఖరుకి కమిషనర్ గారు పై ఆఫీసుకి నివేదిక పంపారు. 'విభాగముల నడుమ విచారణలు: శూన్యము. వాగ్వాదములు: శూన్యము. జాప్యముపై అడిగినవారు: శూన్యము.' అంత గొప్ప శూన్యం చూడడానికి పక్క ఊళ్ల అధికారులు కారుల్లో వచ్చారు. వరండాల్లో తిరిగి, గుసగుసగా "ఎవరూ మాట్లాడుకోవడం లేదే!" అని ముక్కున వేలేసుకున్నారు. "అదే మా సాధన," అన్నారు విరూపాక్షరావు గారు.

ఝాన్సీకి లోపల గిల్టీగానే ఉండేది. కానీ ఆమె దృష్టి అప్పుడు ఆఫీసు మీద లేదు. ఆమెకి పెళ్లి కుదురుతోంది.

అబ్బాయి పేరు కృపాకర్, పశువుల డాక్టరు. చూపులకి వచ్చినప్పుడు వంటొచ్చా, పాటొచ్చా అనలేదు. "మీ ప్రోగ్రాము ఏం చేస్తుందండీ?" అని అడిగాడు. ఝాన్సీ మొహమాటంగా మొదలుపెట్టి, మాడ్యూళ్లు, కాల్‌బ్యాకులు అన్నీ దాటి మెయిన్ దగ్గరికి వచ్చేసరికి కూడా అతను ఇంకా వింటూనే ఉన్నాడు. పైగా "మరి మొదట పిలిచేది ఎవరు?" అని అడిగాడు. ఆ ఒక్క ప్రశ్నతో ఝాన్సీ మనసు పారేసుకుంది. మెయిన్ దాకా విన్న మనిషి ఆమెకి జీవితంలో అతనొక్కడే.

కృపాకర్‌ని పెంచింది అతని మేనత్త చుక్కమ్మ. ఆవిడ సరేనంటే సరే, కాదంటే కాదు. "నిచ్చితార్దం పిల్లింట్లోనే పెట్టండి. ఇల్లు సూసినట్టుంటాది," అని కబురు పెట్టింది. ఆదివారానికి ముహూర్తం పెట్టారు. ఇక అంతా సవ్యంగా ఉందనుకునే వేళకి, ఝాన్సీవాళ్లుండే కొబ్బరితోట వీధిలో ఎవరో కేబులు కోసం తవ్వుతూ నీళ్ల పైపు పగలగొట్టారు.

మరమ్మతుల విభాగం వాళ్లు వచ్చి, వీధి చివర వాల్వు మూయించి, పైపు అతికించి, గొయ్యి పూడ్చి వెళ్లిపోయారు. పని శుభ్రంగా చేశారు. వాల్వు మాత్రం మూసింది మూసినట్టే ఉండిపోయింది. వీధి మొత్తానికి చుక్క నీరు లేదు. ట్యాంకరు తెప్పిద్దామంటే ఆ వీధిలో ఆటో తిరగడమే కష్టం. మూల మీద బోరింగు కొడితే తుప్పు రంగు నీళ్లు వచ్చేవి.

వీధివాళ్లు బిందెలు పట్టుకుని ఝాన్సీ ఇంటి గుమ్మం ముందుకి వచ్చేవారు. వాళ్లకి సమాధానం చెప్పి చెప్పి విసిగిపోయిన ఆమె తల్లి దమయంతి, కూతురు గుమ్మంలో అడుగుపెట్టగానే అగ్గిమీద గుగ్గిలమయ్యేది.

"ఏటే, నీల్లాపీసులో పన్చేస్తన్నావు, ఇంట్లో సెంబుడు నీల్లు నేవు! ఆదోరం నాటికి పెల్లోరొత్తారు. ఆ సుక్కమ్మగారి ముందర నా పరువేటి కావాల?"

"రేపు కనుక్కుంటానమ్మా."

"రేపు రేపంటావేటే! ఆ కులాయి తిప్పీవోడెవులో ఆడికి ఓ మాట సెప్పలేవా?"

"చెప్పకూడదమ్మా. అదే రూలు."

"అలాటి రూలెవులెట్టార్రా నాయనా!"

ఝాన్సీ తలొంచుకుని లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు ఆఫీసులో దాలినాయుడి గదికి వెళ్లింది. ఆయన మరమ్మతుల విభాగం పెద్ద. అడగకూడదు కాబట్టి ఝాన్సీ గోడమీద వెంకటేశ్వరస్వామి క్యాలెండరు వంక చూస్తూ, తనలో తాను అనుకుంటున్నట్టు "కొబ్బరితోట వీధి పైపు అతుకు పడిందో ఏమిటో!" అంది.

దాలినాయుడు తలెత్తి పైన తిరుగుతున్న ఫ్యానుతో చెప్పాడు. "ఎప్పుడో అయిపోనాది. వాల్వోడి బిల్ల నా కొక్కేనికే ఉంది. తనికీవోలు బాగుందని పిలిత్తే, నాను వాల్వోడ్ని పిలుత్తాను. ఆల పిలుపు రావాల గదా."

తనిఖీ విభాగంలో పైడిరాజు తన గది కిటికీతో చెప్పుకున్నాడు. "నీళ్ల పరీక్షలో బాగున్నాయని తేలితే నన్ను పిలుస్తారు. అప్పుడు నేను వెళ్లి చూసి, దాలినాయుణ్ణి పిలుస్తాను. పరీక్షవాళ్ల దగ్గర నా బిళ్ల ఉంది. తీసుకోండి అని మొహం మీదే తగిలించొచ్చాను."

నీళ్ల పరీక్ష చేసే ఇందుమతి ఖాళీ సీసాని తుడుస్తూ ఆ సీసాతోనే వాపోయింది. "పైపులోకి నీళ్లొస్తే గదా నేను పట్టుకునేది! వాల్వు తిప్పగానే పిలవమని నా బిళ్ల అసిరయ్యకి ఇచ్చే ఉంచాను. ఆయన పిలవడే!"

అసిరయ్య అంటే వాల్వు తిప్పే మనిషి. అతను దాలినాయుడు పిలిస్తే తిప్పుతాడు.

ఝాన్సీకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ప్రోగ్రాములో రెండు మాడ్యూళ్లు మంచం దిగకపోతే తను కాల్‌బ్యాక్ పెట్టి లేపింది. ఆ కాల్‌బ్యాకే పట్టుకుని ఈ నలుగురూ మంచాలెక్కేశారు. అందరి దగ్గరా అందరి పేర్లూ ఉన్నాయి. బ్రాకెట్లు పెట్టేవాడు మాత్రం ఒక్కడూ లేడు.

కమిషనర్ గారిని కలవాలంటే ఆయన పిలవాలి. ఝాన్సీ బిళ్ల ఆయన కొక్కేనికి ఎప్పుడో తగిలించింది. అక్కడ అప్పటికే చాలా బిళ్లలు గుత్తులుగా వేలాడుతున్నాయి. ఆలోచించి ఆలోచించి, తన కుర్చీలోకి వచ్చి సున్నా నొక్కింది. నల్ల తెర నిద్రపోయింది. కౌంటరు దగ్గర గోల లేచింది. కమిషనర్ గారు పరుగున వచ్చారు.

"మరల అంతరాయమా?"

"లేదు సార్, ఇప్పుడే లేపుతాను. ఒక్క మాట." అంటూ ఝాన్సీ దాలినాయుడి దగ్గర మొదలుపెట్టి, పైడిరాజు, ఇందుమతి, అసిరయ్యల మీదుగా మళ్లీ దాలినాయుడి దగ్గరికి తెచ్చి వదిలింది.

విరూపాక్షరావు గారు కళ్లు మూసుకుని విన్నారు. ఆయన ముఖంలో చిద్విలాసం. "ఎంతటి సుందరమైన వలయము! ఎచటను తెగలేదు గమనించితివా?"

"తెగలేదు సార్. అందుకే నీళ్లు రావడం లేదు. మొదటి పిలుపు ఎవరో ఒకరు పిలవాలి. ప్రోగ్రాములో దాన్ని మెయిన్ అంటారు. ఇక్కడ మెయిన్ మీరే సార్."

చిద్విలాసం మాయమైంది. "నేనా? నేను పిలిచినచో, తదుపరి జరుగు సమస్తమునకును బాధ్యత నాదగును గదా!"

"అవును సార్."

"అది భావ్యము కాదు." ఆయన కాసేపు పచార్లు చేశారు. "మెయిన్ నియామక సంఘమును ఏర్పాటు చేసెదను. సంఘము తగిన మెయిన్‌ను ఎంపిక చేయును."

"ఆ సంఘం ఎప్పుడు కూర్చుంటుంది సార్?"

"సంఘమును సమావేశపరచు అధికారము మెయిన్‌కు మాత్రమే కలదు."

ఝాన్సీ తెర వైపు తిరిగి ప్రోగ్రాముని మళ్లీ లేపింది. ఆయన వెళ్లబోతూ ఆగి, వేలు చూపించారు. "ఈలోగా ఎవరైనను తొందరపడి, ప్రత్యక్షముగా పిలిచినచో మెమో ఇవ్వబడును. కాంట్రాక్టు సిబ్బంది యెడల కాంట్రాక్టే రద్దగును."

ఆదివారం వచ్చింది. దమయంతి దూరపు చుట్టాలింటి నుంచి ఆటోలో తెప్పించిన నీళ్లు వంటకీ, తాగడానికీ సరిపెట్టింది. చివరికి పెళ్లివారి ఆటోలు వీధి మొదట ఆగే వేళకి డ్రమ్ములో అడుగు కనిపిస్తోంది. పట్టుచీరలో ఉన్న ఝాన్సీ వెళ్లి దాని మీద మూత పెట్టింది.

చుక్కమ్మ ముందు నడుస్తూ వచ్చి గుమ్మం దగ్గర ఆగింది. చెప్పులు విడిచింది. తల ఎత్తి ఇల్లంతా చూసింది. తర్వాత తన కాళ్ల వంక చూసుకుంది. గుమ్మం పక్కన చెంబు లేదు, బకెట్టు లేదు.

"కాల్లకి నీల్లేవమ్మా?"

దమయంతి ముఖం పాలిపోయింది. "కులాయిలు రావట్నేదు వదినా. తాగడానికైతే..."

"తాగీ నీల్లు కాల్లకెవులు పోత్తారమ్మా, పాపం కాదూ! అలాగని కాల్లు కడుక్కోకుండా సుబకార్యం ఇంట్లోకెలా అడుగెడతాను?" అంటూ ఆవిడ కొంగు బిగించుకుంది. "పిల్ల నీల్లాపీసులోన ఉద్దోగమన్నారు. ఇంటికి నీల్లు తెచ్చుకోలేని ఉద్దోగమేటమ్మా? ఒరే నాయనా, ఆటోలెల్లిపోనాయేటి?"

ఆ మాట విని ఝాన్సీ ప్రాణం ఉసూరుమంది. చుక్కమ్మ వెనక కృపాకర్ నిలబడి ఉన్నాడు. అతని ముఖం చూస్తే అతని ప్రాణమూ అలాగే ఉన్నట్టుంది. ఝాన్సీ ఇంకేమీ ఆలోచించలేదు. కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని వీధి చివరికి పరుగెత్తింది. వెనక ఎవరో పిలుస్తున్నారు, ఆగలేదు.

వీధి చివర రేకుల షెడ్డులో అసిరయ్య స్టూలు మీద కూర్చుని వేరుశనక్కాయలు తింటున్నాడు. పక్కన గోడకి వాల్వు తిప్పే ఇనుపతాళం ఆనించి ఉంది. పైన కమిషనర్ గారి ఆదేశం అన్నం మెతుకులతో అంటించి ఉంది.

"ఏటమ్మా, నగలెట్టుకుని ఇలగొచ్చీసావు? ఈయేల నీ నిచ్చితార్దం గదా!"

"అసిరయ్య బాబాయ్, దాలినాయుడుగారు నిన్ను పిలవలేదా?"

"పిలవనేదు. పిలిత్తే తిప్పుతాను గదా! ఇంత సుకం నా సర్వీసులోన ఎప్పుడూ ఎరగన్నేను," అని అతను ఇంకో కాయ వలిచాడు.

ఝాన్సీ ఆదేశం వంక చూసింది. కాంట్రాక్టు రద్దవుతుంది. రేపట్నుంచి ఉద్యోగం ఉండదు. ఆ నల్ల తెర, ఆ ప్రోగ్రాము ఇంకెవరి చేతికో వెళ్తాయి. కళ్లు ఆ కాగితం మీద అలా కిందికి జారి, చివరి వాక్యం దగ్గర ఆగిపోయాయి. అది తన మాటే. కమిషనర్ గారు గ్రాంథికం చేసి రాసుకున్నారంతే.

ఆమె గట్టిగా ఊపిరి పీల్చుకుంది. పుట్టిన దగ్గర్నుంచి ఎవరినీ పిలవనంత గట్టిగా పిలిచింది.

"అసిరయ్యా! వాల్వు తిప్పు!"

అసిరయ్య చేతిలో కాయలు జారిపడ్డాయి. "ఏటీ?"

"తిప్పమంటున్నాను."

"ఎవులు పిలిత్తన్నారు? నువ్వా? నువ్వు పిలవొచ్చేటమ్మా?"

ఝాన్సీ కాగితం మీద వేలు పెట్టింది. "చదువు బాబాయ్, ఈ చివరి ముక్క."

అసిరయ్య కూడబలుక్కుంటూ చదివాడు. "పిలుపు వచ్చిన తచ్చనమే పని సేయవలెను. పిలిచినది... ఎవరని... అడుగరాదు." తల గోక్కున్నాడు. మళ్లీ చదివాడు. "అంటే ఇప్పుడు నాను అడక్కూడదు."

"కూడదు."

"అడిగీసేన్రా బాబూ!" అని అతను బెంబేలెత్తిపోయి లేచాడు. "కమీసనరుగారితో సెప్పకమ్మా, సొస్తాను!" అంటూ ఇనుపతాళం అందుకుని, వాల్వు గోతిలోకి దింపి, రెండు చేతులా తిప్పాడు.

ముందు వీధిలో కుళాయిలన్నీ ఒక్కసారి బుస్సుమన్నాయి. కాసేపు దగ్గాయి. మట్టి రంగు నీళ్లు ఉమ్మాయి. ఆ తర్వాత తెల్లటి ధారలు మొదలయ్యాయి. ఇంటింటి నుంచీ బిందెలూ, కేకలూ బయటికి వచ్చాయి. ఝాన్సీకి ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది, రెండూ కలిసి వచ్చాయి. వెనక్కి తిరిగితే పరుగెత్తి వచ్చిన కృపాకర్ షెడ్డు గుమ్మంలో ఆయాసపడుతూ నిలబడి ఉన్నాడు.

"మొదట పిలిచేది ఎవరో ఇప్పుడు తెలిసిందండీ," అన్నాడు.

చుక్కమ్మ కాళ్లు రెండుసార్లు కడుక్కుంది. చెంబు కింద పెట్టి, పరుగెత్తుకొచ్చిన కాబోయే కోడలి చెదిరిన జుట్టు చూసి, "కంగారు పిల్లే గానీ, కార్యం సాదిత్తాది," అని తీర్పు చెప్పి లోపలికి అడుగుపెట్టింది.

అక్కడితో అయిపోతే అది గౌరీపురం ఎందుకవుతుంది? వాల్వు తెరిచాడు కాబట్టి అసిరయ్య నియమం ప్రకారం ఇందుమతిని పిలిచాడు. ఆవిడ నీళ్లు పరీక్షించి పైడిరాజుని పిలిచింది. పైడిరాజు వెళ్లి చూసి దాలినాయుణ్ణి పిలిచాడు. దాలినాయుడు సంతోషంగా అసిరయ్యని పిలిచి, వాల్వు తెరవమన్నాడు. అది తెరిచే ఉంది. కానీ పిలుపు వచ్చిన తక్షణమే పని చేయాలి కదా. అసిరయ్య దాన్ని మూసి, మళ్లీ తెరిచి, మళ్లీ ఇందుమతిని పిలిచాడు. ఆ రోజు మొదలుకొని ఆ పిలుపు అలా తిరుగుతూనే ఉంది. కొబ్బరితోట వీధి నీళ్లకి జరిగినన్ని పరీక్షలు పెద్ద చదువులకి వెళ్లే పిల్లలకి కూడా జరగవు.

కమిషనర్ గారు ఈ చలనం చూసి పరవశించిపోయారు. కానీ మొదటి పిలుపు ఎక్కడిదని వాకబు చేస్తే, అది ఏ కొక్కేనిదీ కాదని, ఝాన్సీ నోటిదని తేలింది. ముందు మండిపడ్డారు. తర్వాత ఆలోచించారు. ఆ తర్వాత ఆయన కళ్లు మెరిశాయి. వారం తిరక్కుండా కొత్త ఆదేశం వచ్చింది.

"విశేష పరిశోధనానంతరము 'తక్షణ కాల్‌బ్యాకు' అను నూతన విధానము ప్రవేశపెట్టడమైనది. దీని ప్రకారము, పని కావలసినవారు పని చేయువారి వద్దకు కాలినడకన వెళ్లి, నోటితో అడుగవచ్చును."

ఆ అద్భుతం చూడడానికి పక్క ఊళ్ల అధికారులు మళ్లీ కారుల్లో వచ్చారు. దాలినాయుడు లేచి పైడిరాజు గదికి నడిచి వెళ్లడం, ఆయన్ని ఏదో అడగడం, ఆయన జవాబు చెప్పడం దగ్గరుండి చూశారు. ఒకాయన చప్పట్లు కొట్టాడట.

ఇక ఝాన్సీ మెమో సంగతి. కమిషనర్ గారు మొదటి కోపంలో ఉండగానే దాన్ని రాసి, సంతకం పెట్టి బట్వాడా విభాగానికి పంపేశారు. బట్వాడా అయిన నాటి నుంచి కాంట్రాక్టు రద్దని అందులో ఉంది. కొత్త విధానం వచ్చినా, పాత విధానంలో వెళ్లిన కాగితం పాత విధానంలోనే అందాలట. అంటే ఝాన్సీ బిళ్ల బట్వాడావాళ్ల కొక్కేనికి ఉండాలి. అప్పుడు గానీ వాళ్లు పిలవరు, పిలిస్తే గానీ ఇవ్వరు. పాత బిళ్ల అలవాటు పోని దాలినాయుడు ఒకరోజు ఆమె బల్ల దగ్గర నిలబడి, ఫ్యాను వంక చూస్తూ "ఈ పిల్ల బిల్ల ఏ కొక్కేనికుందో!" అన్నాడు.

ఝాన్సీ నవ్వి క్యాలెండరుతో చెప్పింది. కమిషనర్ గారి కొక్కెం నుంచి తీసేసుకున్న ఆ బిళ్ల కృపాకర్ తాళాల గుత్తికి ఉంది. ఏ పనీ లేకపోయినా, అతను రోజూ పిలుస్తూనే ఉంటాడు.